చారల ఆవును, చారలు లేని ఆవును

గత మాసమున సంఘ కార్యాలయపు అరుగుమీద కూర్చుండి మేమొక పటమును నలుగురికి చూపితిమి. చూచినవారెల్లరు పకపక నవ్విరి. పటములో నున్నది ఒక నల్లని ఆవు. దాని కాళ్లు మొదలుకొని వీపువఱకు తెల్లని చారలు గీయబడియున్నవి. "ఇదేమిటండీ, ఆవుకు నామాలు పెట్టినారు?" అని ఒక పెద్దరైతు అడిగెను. "సంతలో చారల గుఱ్ఱమని చెప్పి అమ్మడానికేమో" అని మఱియొకరు. ఇది జపాను దేశమున వ్యవసాయ పరిశోధనశాలవారు నెలజీతములు పుచ్చుకొని చేసిన పని యని మేము చెప్పునప్పటికి నవ్వు రెట్టింపయ్యెను. "మా ఇంట సున్నపు కుంచె ఉన్నది, ఆ ఉద్యోగమేదో మాకూ ఇప్పించండి" అనిన చమత్కారులును లేకపోలేదు.

నవ్వినందుకు మేమెవరిని తప్పుపట్టము. మొదట మేమును నవ్వినవారమే. కాని ఆ వృత్తాంతమును తుదివఱకు చదివిన పిమ్మట మా నవ్వు కొంత సన్నగిల్లినది. ఆ పరిశోధకులు చేసిన ఒక చిన్న పనిని మేము చేయనందున ఒకప్పుడు మా మాట నమ్మిన రైతులకు నష్టము కలిగినది. ఆ సంగతి ముందు చెప్పుదుము. ఇప్పటికి ఆవు కథ వినుడు.

రక్తము పీల్చు ఈగలును, జోరీగలును పశువును ఎంత హింసించునో మీకు మేము చెప్పవలసిన పనిలేదు. పశువు తోక విసరును, చెవులాడించును, కాలు నేలకు తాటించును, తోలు జలదరింపజేయును. ఈ ప్రయాసలో మేత మఱచును. పాలు పితుకు వేళ తోకదెబ్బ చెంపకు తగులని ఇల్లాలు మన గ్రామములలో నుండదు. మనము సాయంకాలమున వేపాకు పొగ వేసికొని తృప్తిపడుదుము. జపానువారికిని ఇదే బాధ. మందులు చల్లుచు పోయిన కొలది ఈగలు ఆ మందులకు అలవాటుపడుచుండుటచే వారు వేఱు ఉపాయము వెదకిరి.

ఆఫ్రికా ఖండమున జీబ్రా యను చారల గుఱ్ఱమున్నది. దానికి ఆ చారలెందుకని శాస్త్రజ్ఞులు చాలకాలముగా వాదించుకొనుచున్నారు. సింహమును భ్రమపెట్టుటకని కొందఱు, ఎండవేడిమి తగ్గుటకని కొందఱు, కుట్టు ఈగలు వాలకుండుటకని కొందఱు. ఈ మూడవ మాటను పట్టుకొని ఐచి రాష్ట్రపు వ్యవసాయ పరిశోధన కేంద్రములో కొజిమా తొమోకి గారును, వారి సహచరులును, "చారలు గుఱ్ఱమును కాపాడినచో ఆవును మాత్రమేల కాపాడవు?" అని కుంచె చేతబట్టిరి. వారి ఫలితములు 2019లో ప్రకటింపబడినవి.

వారు ఆరు నల్లని ఆవులను తీసికొనిరి. కొన్నిటికి తెల్లరంగుతో చారలు గీసిరి. కొన్నిటిని ఏమియు గీయక విడిచిరి. ఇంతవఱకు ఎవరైనను చేయుదురు. మూడవదియే చూడదగినది. కొన్ని నల్లని ఆవులకు నల్లరంగుతోనే చారలు గీసిరి! నల్లని ఆవుపై నల్లని చార ఎవరికి కనబడును? కనబడదు. కనబడకుండుటకే గీసిరి. ఈగలు తగ్గినచో, అవి చారలను చూచి తగ్గినవో, రంగుడబ్బా వాసనకు తగ్గినవో తెలియవలెను గదా! వాసనయే కారణమైనచో నల్లచారల ఆవునొద్దను ఈగలు తగ్గవలెను. ఒక్కొక్క ఆవునకు సహజముగా ఈగలు ఎక్కువ ముసరును, ఒకదానికి తక్కువ. అందుచేత ఒక ఆవునే ఎల్లప్పుడు ఒకే వేషములో నుంచక, వేషములు మార్చుచు వచ్చిరి.

ఫలితమేమనగా, తెల్లచారల ఆవుపై వాలిన ఈగలు, గీయని ఆవుపై వాలినవానిలో సుమారు సగము మాత్రమే. తోక విసరుట మొదలగు అవస్థలును అయిదవ వంతు తగ్గినవి. నల్లచారల ఆవునకు చెప్పుకోదగిన మేలు కలుగలేదు. కావున మేలు చేసినది వాసన కాదు, చారయే.

ఈగకు చారలనిన ఏల గిట్టదు? అదే 2019వ సంవత్సరమున ఇంగ్లండులో టిం కారో గారును, తోటివారును గుఱ్ఱములకు నల్లని, తెల్లని, చారల బొంతలు కప్పి చూచిరి. చారల బొంతపై ఈగలు మిక్కిలి తక్కువగా వాలినవి. కాని బొంత కప్పని తలపై మాత్రము అన్ని గుఱ్ఱములకును సమానముగనే వాలినవి. ఈగ దూరమునుండి చారల పశువు వంకకు రాక మానదు. దగ్గఱకు వచ్చిన తరువాత వేగము తగ్గించుకొని కాలూనవలసిన క్షణమున తడబడి, పశువును ఢీకొనియో, దాటియో పోవుచున్నదని వారు కనిపెట్టిరి. చీకటిలో మెట్టు ఉన్నదనుకొని అడుగువేసిన మనుష్యుని గతియే అనుకొనుడు. ఆ తడబాటు ఈగ కన్నులో ఎట్లు కలుగుచున్నదో ఇంకను వాదములు తీఱలేదు.

ఈ చారల ఆవునకు 2025 సెప్టెంబరులో అమెరికాలోని బోస్టను నగరమున ఒక బహుమానము దొరకినది. ఇది స్వీడను దేశపు నోబెలు బహుమానము కాదు; దానిని వెక్కిరించుచు 1991 నుండి ఇచ్చుచున్న "ఇగ్ నోబెల్" అను బహుమానము. మొదట నవ్వు పుట్టించి పిదప ఆలోచింపజేయు పరిశోధనలకే దీనినిత్తురు. గెలిచినవారికి పదిలక్షల కోట్ల డాలర్ల నోటును ఇచ్చుచు వచ్చిరి. కన్నులు పెద్దవి చేయకుడు. అవి జింబాబ్వే దేశపు డాలర్లు, ఆ దేశముననే చెల్లని నోటు. మన సంఘపు గుమాస్తా దానిని వాటాధనములో జమకట్టుకొనడు.

మిషను పాఠశాలలో చదువుకొను దినములలో మేము యాకోబు కథ వింటిమి. ఆయన చారలుగా తొక్కతీసిన కఱ్ఱలను నీళ్లతొట్ల యొద్ద పెట్టగా మందలో చారల పిల్లలు పుట్టినవట. ఆనాడు మేము ఉపాధ్యాయుని "కఱ్ఱలు పెట్టని తొట్టి యొద్ద ఏమి పుట్టినవండీ?" అని అడిగియుండిన బెత్తపు దెబ్బ తప్పియుండదు. ఆ ప్రశ్న అడుగుట మాకు చాల ఆలస్యముగ, వేఱొక చోట, నేర్పబడినది.

మేము ఉద్యోగమున చేరిన రెండవ యేట ఒక బలవర్ధక ద్రావకము మా చేతికి వచ్చినది. మిరపతోటపై చల్లినచో కాపు పెరుగునని సీసాపై వ్రాసియున్నది. ఒక రైతుగారి ఎకరము తోటపై ఆసాంతము చల్లించితిమి. ఆ యేడు వానలు తఱి తప్పక కురిసినవి. తోట ఎఱ్ఱగా విరుగగాచినది. మేము గర్వముతో చుట్టుప్రక్కల రైతులను పిలిచి, గట్టుపై నిలువబెట్టి, ఉపన్యాసమిచ్చితిమి. అందఱును తలలూపిరి. వెనుక నిలిచిన ఒక ముసలి రైతు మాత్రము, "అంతా బాగానే ఉన్నది గాని బాబూ, మందు కొట్టని మడి ఏదీ?" అని అడిగెను. మేము నవ్వి, "తాతా, మందు కొట్టక చెడగొట్టుకొనుట ఎందుకు?" అంటిమి. వినువారందఱును మాతో కూడ నవ్విరి.

మఱుసటి యేట 37 మంది సభ్యులు సంఘమునుండి ఋణము పొంది ఆ సీసాలు కొనిరి. ఆ ముసలి రైతు కొనలేదు. వాన వెనుకబట్టినది. మందు కొట్టిన తోటలును, ఆయన కొట్టని తోటయు ఒకే తీరుగ కాచినవి. సీసాలో నున్నదానివలన ఏ మేలును లేదని అప్పటికి తెలిసినది. అప్పు మాత్రము వడ్డీతో కూడ తీర్చవలసి వచ్చినది. సీసాపై వ్రాసినవారిని నిందించుట తేలిక. గట్టుపై నిలువబడి ఉపన్యసించినవారము మాత్రము మేమే. మొదటి యేట ఆ ఎకరములో నాలుగు సాళ్లు విడిచియుండిన, ఒక్క రైతు నాలుగు సాళ్ల కాపుతో పోయెడిది. జపానువారి నల్లచారల ఆవును చదివినప్పుడు ఆ ముసలి రైతు ముఖము మాకు జ్ఞప్తికి వచ్చినది.

అప్పటినుండి ఎంత వింత వార్త చదివినను, విడిచిన సాళ్లు ఎక్కడ నున్నవా యని ముందు వెదకుట మాకు అలవాటైనది. ఈ మధ్య చదివినవానిలో పశువులను గూర్చినవి కొన్ని చెప్పుదుము.

బోట్స్వానా దేశమున ఒకవాంగో యను నదీప్రాంతము కలదు. అచ్చటి పశుపోషకులకు ఈగలు కాదు, సింహములు బాధ. సింహము పొంచియుండి వెనుకనుండి దూకును. తన్ను పశువు చూచినదని తోచినచో తఱచు వెనుదీయును. ఇది గ్రహించి ఆస్ట్రేలియాకు చెందిన నీల్ జోర్డన్ గారును, వారి సహచరులును పశువుల పిఱ్ఱలపై రెండు పెద్ద కన్నులు చిత్రించిరి. నాలుగేండ్లు, 14 మందలు, మొత్తము 2,061 పశువులు. 683 పశువులకు కన్నులు; 543 పశువులకు వట్టి అడ్డగీతల గుర్తులు; 835 పశువులకు ఏమియు లేదు. ఏమియు లేని పశువులలో 15 హతమైనవి. అడ్డగీతలవానిలో 4. కన్నులు గీసినవానిలో ఒక్కటియు పోలేదు. 2020లో దీనిని ప్రకటించిరి.

ఇది విని మన ఇల్లాండ్రు నవ్వుదురు. కొత్త ఇంటికి కన్నులు గీసిన గుమ్మడికాయ కట్టుటయు, పైరుచేలో కుండకు కన్నులు పెట్టి నిలుపుటయు వారికి తెలియని విద్యయా? కాని మన దిష్టిబొమ్మ పనిచేయుచున్నదని మనకెట్లు తెలియును? బొమ్మ పెట్టని చేనితో పోల్చి లెక్క వ్రాసినవారెవరు? బోట్స్వానాలో వ్రాసిరి. అంతేకాదు, తమ ఫలితమునకు హద్దును వారే చెప్పిరి: ప్రతి మందలోను కన్నులు లేని పశువులు కూడ నుండెను, సింహమునకు వేఱు ఆహారము దగ్గఱనే యున్నది. అన్నిటికిని కన్నులు గీసినచో ఏమగునో, కొన్నాళ్లకు సింహము ఈ మోసమును కనిపెట్టునేమో, ఆ పరీక్ష చెప్పలేదు. తన సరకులోని లోపమును తానే చెప్పు వర్తకునివద్ద బేరమాడుట మాకిష్టము.

ఇక పేరుపెట్టిన ఆవుల సంగతి. ఇంగ్లండులోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయమున ఇద్దఱు పరిశోధకులు 516 మంది పాడిరైతులను ప్రశ్నించి, ఆవులను పేరుపెట్టి పిలుచువారి పశువులు సంవత్సరమునకు 258 లీటర్లు అధికముగా పాలిచ్చుచున్నవని 2009లో చెప్పిరి. వారికిని ఆ యేడు ఇగ్ నోబెల్ బహుమానము వచ్చినది. మన ఇండ్లలో లక్ష్మి, గౌరి, మల్లి అని పేరులేని పాడిపశువేది? అట్లయిన మన పాలకుండలు పొంగి పొరలవలెను గదా! ఇక్కడ కొంచెము జాగ్రత్త వహింపవలెను. వారు రైతులను అడిగి వ్రాసికొనినదే గాని, ఒకే కొట్టములో సగము ఆవులకు పేర్లుపెట్టి సగమింటిని విడిచి చూచినది కాదు. పేరుపెట్టి పిలుచు రైతు వేళకు మేత వేయును, కుడితి పెట్టును, గిట్టలో ముల్లు విరిగిన ఆనాడే చూచును. పాలు పేరువలన వచ్చినవో, ఆ ప్రేమవలన వచ్చినవో? పశువును బెదరింపక లాలించినచో పాలు చక్కగా చేపునని మాత్రము మేము సందేహింపము. దీనికై న్యూకాసిల్ పోనక్కఱలేదు.

ఒకసారి పరీక్షించిన మాత్రమున చాలునా యనగా, చాలదు. 2008లో జర్మను, చెకు దేశముల శాస్త్రజ్ఞులు ఆకాశమునుండి తీసిన పటములలో 308 చోట్ల 8,510 పశువులను చూచి, మేయుచున్న పశువులు ఉత్తర దక్షిణముల దిక్కున నిలుచునని, భూమియొక్క అయస్కాంతశక్తి వానికి తెలియుచున్నదని ప్రకటించిరి. పత్రికలు ఇంతింత అక్షరములతో అచ్చువేసినవి. 2011లో వేఱు చెకు శాస్త్రజ్ఞులు అట్టి పటములనే మరల చూచి, "మాకు అటువంటిదేమియు కనబడలేదు" అనిరి. మొదటివారు "మీ పటములు మసకగా నున్నవి" అని బదులిచ్చిరి. తగవు తెగలేదు. మేమును ఒక మధ్యాహ్నము చెఱువు గట్టుపై నిలిచి చూచితిమి. మన పశువులకు ఉత్తరము, దక్షిణము అను భేదము లేదు; చెట్టునీడ ఏ దిక్కున పడిన ఆ దిక్కుననే యున్నవి. ఒక మధ్యాహ్నము, ఒక చెఱువు. ఇది పరీక్ష కాదని మేమెఱుగుదుము.

దూడలకు మరుగుదొడ్డి అలవాటు చేసినవారు కలరు. 2021లో ప్రకటించిన ఈ పరిశోధన జర్మనీలో జరిగినది, న్యూజీలండువారును కలిసిరి. 16 దూడలలో 11 దూడలు కొలది దినములలోనే ప్రత్యేకించిన చోటికి నడచిపోయి మూత్రము విడుచుట నేర్చుకొనినవి. సరిగా చేసిన దూడకు తీపినీళ్లో, నలగగొట్టిన బార్లీయో పెట్టిరి. తప్పినదాని చెవిలో మొదట కఠోరధ్వని వినిపించిరి, దూడలు లక్ష్యపెట్టలేదు. అప్పుడు నీళ్లు చిలకరించిరి, అది తగిలినది. ఇందులో వేడుకకన్న ఎక్కువ కలదు. మూత్రమును పేడయు కలిసినచో మూత్రములోని యూరియా అమ్మోనియా వాయువుగా మారి గాలిలో కలిసిపోవును. కొట్టములో ముక్కు మండించు ఆ ఘాటు, మనము డబ్బిచ్చి కొను నత్రజనియే. దూడకు చదువు చెప్పు ఓపిక లేనివారు కొట్టపు నేలను వాలుగా చేసి, చివర గుంటలో మూత్రమును వేఱుగా పట్టుకొనినను కొంత దక్కును.

మొక్కల మాట ఒక్కటి చెప్పి ముగింతుము. 2023లో ఇశ్రాయేలు దేశపు టెల్ అవీవ్ విశ్వవిద్యాలయమువారు, నీరులేక వాడుచున్న టొమాటో, పొగాకు మొక్కలు చిటచిటమని ధ్వని చేయునని కనుగొనిరి. సెకనుకు 20 వేల కంపనములు దాటిన ధ్వని మన చెవికి వినబడదు. ఇవి 40 వేలకు, 80 వేలకు నడుమనున్నవి. వాడిన మొక్క గంటకు 30 మొదలు 50 చిటుకులు వేయగా, నీరు త్రాగిన మొక్క ఒక్కటైనను వేయదు. మొక్కలు ఏడ్చుచున్నవని పత్రికలు వ్రాసినవి. శాస్త్రజ్ఞులు ఆ మాట అనలేదు. నీరు పైకి పోవు సన్నని నాళములలో గాలిబుడగలు పుట్టి పగులుటవలన ఈ చప్పుడు కాబోలునని మాత్రమే అనిరి. మొక్కల స్పందనలను యంత్రములతో చూపి 1901లో లండనువారిని ఆశ్చర్యపఱచిన జగదీశచంద్ర బోసు గారు బ్రదికియుండిన ఈ వార్తకు ఎంత సంతసించెడివారో! మాకు సంతోషము కలిగించినది వేఱొకటి. ఆ పరిశోధకులు మొక్కలేని కుండీలో వట్టి మట్టి నింపి, దాని యొద్దను అన్ని గంటలు చెవియొగ్గి కూర్చుండిరి. మట్టి పలుకలేదు. మందు కొట్టని మడి అక్కడనున్నది.

ఇక మన పని. కనుమనాడు మనము పశువులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, ఒడలిపై ముద్దరలు వేయుట యెట్లును కలదు. ఈసారి ఆ కుంచెతోనే జపానువారి పరీక్షను మన ఈగలపై చేసి చూతమని సంఘ పాలకవర్గము అనుమతించినది. ఖర్చు స్వల్పము. సున్నము వాడరాదు, తోలు పొక్కును. తలుపులకు వేయు నూనెరంగులు వాడరాదు, పశువు నాకును. నామపు సుద్దను చిక్కగా నానబెట్టి, వ్రేళ్ల వెడల్పున చారలు గీసిన చాలును. అవి రెండు మూడు దినములలో రాలిపోవును గనుక మరల గీయుచుండవలెను. నల్లచారలకు బొగ్గుపొడిని అదే విధముగ కలుపుదుము. ఆరు నల్లని పశువులు కావలెను. ఆవులైన మేలు, గేదె చెఱువును చూచినదా, మన పరిశోధనమంతయు నీటిపాలు. జపానువారు చేసినది కొలది దినముల పరీక్ష, పాలు కొలిచిన పరీక్షయు కాదు. మనము ఈగలతోపాటు పూటపూటకు పాలును కొలుతము. ఈగలు తగ్గి పాలు పెరుగకపోయినచో అదియును ఈ పత్రికలోనే వ్రాయుదుము.

ఇప్పటికి నలుగురు సభ్యులు తమ ఆవులనిచ్చుటకు ఒప్పుకొనిరి. నలుగురును తమదానికి తెల్లచారలే వేయవలెనని పట్టుబట్టుచున్నారు. చారలు లేక నిలుచు ఆవునిచ్చుటకు ఎవరును రాలేదు. మూడు వేషములు ప్రతి ఆవునకు వంతుల వారీగ వచ్చునని మేము ఎంత చెప్పినను, మొదటి వంతు ఎవరిది అను తగవు తీఱక, చీట్లు వేయ నిశ్చయించితిమి. ఇంకను రెండు ఆవులు కావలెను. ఈగలను లెక్కపెట్టుటకు చదువు వచ్చిన బాలురు ముగ్గురు కావలెను. ప్రొద్దుట అరగంట, సాయంకాలము అరగంట పని. ఇష్టపడువారు ఈ మాసాంతములోగా సంఘపు గుమాస్తాగారియొద్ద తమ పేరును, ఆవు పేరును వ్రాయింపవలెను.